వేడి తెలియని చెయ్యి

ఝపటాపూర్‌లో అంటే బెంగాల్లో ఉన్న మా తెలుగువాళ్ళ రైల్వే పేటలో, మా ఇంటికి ఎదురుగా ఎవరో కొత్త ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే ఇనప గేటు దించారు. మా ఇంట్లో టీ ఇంకా మరగకముందే అక్కడ గ్రైండర్ మొదలైంది. గ్రైండర్ అంటే వంటింట్లో పిండి రుబ్బేది కాదు. రెండు చేతులా పట్టుకుని ఇనుము మీద ఆనిస్తే రాయి గిర్రున తిరిగి వెల్డింగు అతుకుల్ని నున్నగా అరగదీస్తుంది, అదీ. ఆ కూత వినగానే పేటలో వాళ్ళు కిటికీలు మూసుకుంటారు. నేను కుడిచెయ్యి చంకలో దాచుకుంటాను. రోడ్డవతల ఎవడి చేతిలోనో రాయి తిరుగుతుంటే ఇవతల నా వేళ్ళల్లో చీమలు బయల్దేరతాయి. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటైనా నడవాలనిపిస్తుంది. మా ఆవిడ టీ గ్లాసు తెచ్చి ఇచ్చింది. పరధ్యానంలో అంచు పట్టుకోకుండా గ్లాసు నడుం పట్టుకున్నాను. బొటనవేలు చుర్రుమంది. చెయ్యి కాలినందుకు సంతోషపడే మనిషి ఈ పేటలో నేనొక్కణ్ణే ఉంటాను. ఆ సంతోషం నాకు సుగుణ దీదీ పెట్టిన భిక్ష.

నేను ఎనిమిదో క్లాసులో బడికి సెలవు పెట్టాను, ఆ సెలవు ఇంకా నడుస్తోంది. అందుకని ఆవిడ చదివిన చదువు పేరు పూర్తిగా చెప్పమంటే నా నోరు తిరగదు. చేసే పని మనిషి ఒంటికి సరిపోయేట్టు ఉందా, లేక మనిషినే కొరుక్కుతింటోందా అని చూసే చదువు అని ఒకసారి చెప్పింది. అందులోనూ ఆవిడ పరిశోధన అంతా చేతుల మీదే. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి, భుజం. దర్జీల దగ్గరికి వెళ్ళేది, కంప్యూటర్ టైపు కొట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళేది, మాలాంటి ఇనప షెడ్లకూ వచ్చేది. పుట్టింది ట్రాఫిక్ కాలనీలో, రైల్వే క్వార్టర్లో. మా దగ్గరికి వచ్చే నాటికి సుభాష్‌పల్లిలో ఉండేది, వయసు యాభై దాటింది. కుర్చీ ఇస్తే దాని మీద బ్యాగు పెట్టి తను నిలబడేది. నిలబడి కూడా కుదురుగా ఉండేది కాదు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాడి మణికట్టు పట్టుకుని తిప్పి చూసేది. పోయిన ఏడాది ఆవిడ పోయినప్పుడు వాళ్ళ చర్చిలో 'నిద్రించింది' అన్నారు. ఆ ఒక్క మాట మాత్రం నేను నమ్మలేదు. ఆవిడ నిద్రపోవడం సంగతి అలా ఉంచండి, ఆవులించడం కూడా నేనెప్పుడూ చూడలేదు.

మొదటిసారి షెడ్డుకు వచ్చిన రోజు గుర్తుంది. చలికాలం. మా యజమాని బెంగాలీ, అందరం బాబు అనేవాళ్ళం. చెయ్యి బాగాలేదని చెప్పినవాడి చేతికి చీపురు వస్తుందని షెడ్డులో అందరికీ తెలుసు. బడి లేనివాడికి గ్రైండరే పట్టా, అది పోతే నేనెవణ్ణి? కాబట్టి పొద్దున్నే నా వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడుతున్నాయని, చేతిలోంచి సామాన్లు జారిపోతున్నాయని నేను ఎవరికీ చెప్పలేదు. తక్కినవాళ్ళూ చెప్పలేదు. బాబు గుమ్మంలో నిలబడి చూస్తుండగా దీదీ బ్యాగులోంచి ఒక పిడి తీసింది. గట్టిగా నొక్కితే దాని మీద ముల్లు తిరిగి పిడికిలి బలం చెబుతుంది. ఇంకేముంది, మా వాళ్ళకది జాతర అయిపోయింది. ఎవడు ఎక్కువ నొక్కుతాడా అని పోటీ. నేను మైకు లేకుండానే కామెంటరీ అందుకున్నాను.

"ఇప్పుడు బరిలోకి మన అప్పారావు మావ దిగుతున్నాడు. పెళ్ళయిన తర్వాత పిడికిలి బిగించడం ఇదే మొదటిసారి."

నాకు గ్రైండర్ పట్టడం నేర్పింది అప్పారావు మావే. పళ్ళు బిగపట్టి, మెడనరాలు తేలేదాకా నొక్కాడు. అందరూ ఈలలు వేశారు. చేతులు తిమ్మిరెక్కుతాయా అని దీదీ ఒక్కొక్కణ్ణే అడిగితే అందరూ లేదనే అన్నారు.

"ఇంతమంది పహిల్వాన్లని ఒక్క షెడ్డులో ఎలా దాసినారు బాబూ?" అంది దీదీ తెలుగులోనే. బాబుకు అర్థం కాకపోయినా తల ఊపాడు.

అప్పుడే టీ వచ్చింది. కొత్తమనిషి కనబడితే నేను చూపించే ఆట ఒకటుంది. అందరూ పొగలు కక్కే గ్లాసును అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంటే, నేను గుప్పిట్లో బిగించి కిందికీ పైకీ ఊపి నింపాదిగా తాగేవాణ్ణి. చప్పట్లు పడేవి. ఆ రోజూ పడ్డాయి. దీదీ ఒక్కర్తే నవ్వలేదు.

"ఎన్నాళ్ళ నుండి?"

"పుట్టుకతోనే దీదీ. మా యమ్మ నన్ను పొయ్యి మీదే కన్నాది."

షెడ్డంతా నవ్వింది. ఆవిడ నా గుప్పిట విప్పి చూసింది. అరచేతిలో, చూపుడువేలి మొదట్లో, నీరు పట్టిన బొబ్బ. అది ఉన్నట్టు నాకే తెలియదు.

"మరిది ఎవలదిరా?"

నేను ఆ బొబ్బను నొక్కి చూసుకున్నాను. నేను జోకు మానడమంటే హౌరా బండి టైముకు రావడం లాంటిది, మా వాళ్ళు వింతగా చూశారు. ఆవిడ నన్ను ఒక పక్కకు తీసుకెళ్ళి కళ్ళు మూసుకోమంది. చిన్న పుల్లకు నైలాన్ దారం ముక్క బిగించి ఉంది. వేలికి ఆ దారం తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పాలి. నేను కళ్ళు మూసుకుని హుషారుగా మొదలుపెట్టాను. తగిలింది దీదీ. తగిలింది. ఇప్పుడూ తగిలింది.

"ఒరే సిమ్మాసలం," అంది ఆవిడ మెల్లగా, "నేనింకా ముట్టుకోనేలేదురా."

ఆ మాట తర్వాత నాకు షెడ్డులో కాలు నిలవలేదు. గ్రైండర్ ఆపితే ఒక బెంగ, పట్టుకుంటే ఇంకో బెంగ. ఊరికే జోకులు వేశాను, రోజూ కంటే ఎక్కువ వేశాను. ఇంటికి వెళ్ళే దారిలో కనిపించిన గోడనల్లా వేళ్ళతో రాసుకుంటూ వెళ్ళేవాణ్ణి, ఏ గోడ గరుకుగా తగులుతుందా అని.

కొన్నాళ్ళకు దీదీ మధ్యాహ్నం భోజనం వేళ ఒక పెద్ద క్యారేజీతో వచ్చింది. పరిగెల పులుసు. పరిగెలంటే వేలెడంత చేపలు, ఒంట్లో మాంసం కంటే ముళ్ళే ఎక్కువ. ఇక్కడి వాళ్ళు పుంటీ అంటారు. వేలికొసతో తడిమి ముల్లు పట్టుకుని తీసేయడం ఈ ఊళ్ళో పిల్లలకు అక్షరాల కంటే ముందు వస్తుంది. దీదీ వడ్డించి, ఎప్పటిలాగే నిలబడి మా చేతులకేసి చూస్తోంది. ఒకడు పులుసు మాత్రం కలుపుకున్నాడు. ఇంకొకడికి ఆకలి లేదట.

"నాకొద్దమ్మా, శనివారం నీసు ముట్టను," అన్నాడు అప్పారావు మావ.

"ఈయేల బుధవారం మావా," అన్నాను నేను. అని, నేను పిరికివాణ్ణి కానని చూపించుకోవడానికి పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. ముల్లు గొంతులో దిగింది. ఉత్త అన్నం ముద్దలు మింగించి, వీపు చరిచి, అది దిగేసరికి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఎవరూ నవ్వలేదు. దీదీ అప్పుడు కూర్చుంది, నేల మీదే. ఆవిడ కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"మా నాన్న వర్క్‌షాపులో రివిట్లు కొట్టేవోడు. మా యమ్మ రోజూ సేప ముళ్ళు తీసి ఆయన కంచంలో ఎట్టేది. ఎంత ప్రేమో అనుకునేదాన్ని. సదువుకున్నాక తెలిసింది, ఆయన వేళ్ళు సచ్చిపోనాయని."

అప్పారావు మావ తన కంచంలోని అన్నాన్ని వేలితో పక్కకు తోశాడు. "ప్రేమ కూడా అయ్యుంటాదిలే అమ్మా," అన్నాడు.

"అయ్యుంటాది మావా. కానీ ఆయన సెప్పుంటే ఆ పని మాన్పించేవోళ్ళం కదా."

ఆ రోజు నుంచి ఆవిడ నాకొక పని అప్పజెప్పింది. "ఆళ్ళు నాకు సెప్పరు. నువ్వు ఎక్కిరిస్తే కోపంలో సెప్పేస్తారు. కూకో నా పక్కన." నా నోటిని ఒక పనిముట్టులా వాడుకున్న మొదటి మనిషి ఆవిడే. అంతకుముందు అందరూ దాన్ని మూయించడానికే చూశారు. నేను మొదలుపెట్టేవాణ్ణి: "మావా, నీ సొక్కా గుండీలు ఇంత తిన్నగా ఎవలెట్టినారు?" "మీ యత్తే ఎట్టింది, అయితే ఏటి?" దీదీ తల పంకించేది. "ఏరా, తాళం తియ్యడానికి ఇంతసేపా, నీ ఇల్లేనా అది?" "వేళ్ళు వంగక సస్తంటే నీ ఎదవ జోకులేటిరా." మళ్ళీ తల పంకించేది. అలా నిజాలన్నీ బయటికొచ్చాయి. ఇది కండల నొప్పి కాదు, గ్రైండర్ అదురుకు వేళ్ళల్లోని నరాలు, రక్తనాళాలు దెబ్బతింటున్నాయని ఆవిడ మాకు విడమరిచి చెప్పింది. పిడిని ఎంత బిగిస్తే అదురు అంత లోపలికి పోతుంది, చలికి ఇంకా ఎక్కువ. ఇప్పుడే ఆపితే కొంత వెనక్కి వస్తుంది, ఆలస్యమైతే రాదు. నా వంకే చూసి చెప్పింది ఆ చివరి మాట.

తర్వాత ఆవిడ బాబు దగ్గరికి వెళ్ళింది. వంతులవారీగా పని ఇవ్వాలి, అదురు తగ్గించే రబ్బరు పిడులు కావాలి అంది. ఎవడెవడి చెయ్యి పాడైందో పేర్లు చెప్పమన్నాడు బాబు. పేర్లు చెప్పనని వాళ్ళకు మాటిచ్చాను అందావిడ. అయితే నేనే అడుగుతానని అందర్నీ పిలిచాడు.

"బోలో, కార్ హాత్ ఖారాప్?" ఎవరి చెయ్యి బాగాలేదో చెప్పమని.

పొద్దున్న టీ వేళ. ఒకడు దగ్గాడు. అందరూ నా వైపు చూశారు, నేనేదైనా పేల్చేస్తే నవ్వేసి మళ్ళీ పనిలోకి పోవచ్చని. దీదీ మాత్రం నా వైపు చూడలేదు, తలుపు గొళ్ళెం తీస్తూ వేస్తూ ఉంది. నాకు వద్దని గానీ, చెప్పమని గానీ అనలేదు. వెనక నా గ్రైండర్ నా కోసం ఎదురుచూస్తోంది. వేళ్ళు తెల్లగా ఉన్నాయి. అప్పుడే పోసిన టీ గ్లాసు తీసి గుప్పిట్లో బిగించాను. అలవాటుగా నవ్వులు మొదలయ్యాయి.

"నవ్వకండి," అన్నాను. నాకొచ్చిన హిందీలో బాబుకు చెప్పాను: "బాబూ, యే ఖేల్ నహీ హై. ఇది ఆట కాదు. ఇది వేడో సల్లనో నాకు నిజంగా తెల్దు."

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. బాబు వచ్చి గ్లాసు ముట్టుకుని వేలు వెనక్కి లాక్కున్నాడు. నా ముఖం చూశాడు, మళ్ళీ గ్లాసు చూశాడు. అప్పుడు అప్పారావు మావ మా మధ్యలోకి వచ్చి రెండు చేతులూ చాపాడు. "నాకూ తెల్దు బాబూ," అన్నాడు. వెనక ఇంకెవరో "నాకూ" అన్నారు.

అందరూ అనుకున్నట్టే ఆ మర్నాడు నా చేతికి చీపురు వచ్చింది. దీదీ వచ్చి చూసింది. అయ్యో పాపం అంటుందనుకున్నాను. "ఏటిది, కర్ర ఇంత పొట్టిగా ఉంది? నడుం ఇరుగుతాది," అని కోప్పడి, వెదురుబొంగు ఒకటి వెతికి తెచ్చి తనే చీపురుకు కట్టింది. నాకు అంత బాధలోనూ నవ్వొచ్చింది. ఆవిడకు రాలేదు, ముడి బిగిస్తోంది. రబ్బరు పిడులు, వంతులు, పొద్దున్నే చేతులు కాచుకోవడానికి డబ్బాలో నిప్పులు ఒక్కొక్కటిగా వచ్చాయి, అవి కూడా ఆవిడ బాబు ప్రాణం తోడేయగా. తర్వాత నన్ను ఇనుము మీద కొలతలు గీసే పనిలోకి మార్చారు. అప్పారావు మావ వేళ్ళు మాత్రం తిరిగి రాలేదు. నావి మూడు వచ్చాయి, రెండు ఇంకా అలిగి ఉన్నాయి. ఆవిడ చివరిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కూడా కళ్ళు మూసుకోమంది. చిటికెనవేలు దగ్గర చాలాసేపు ఏమీ తెలియలేదు. "తగల్లేదు దీదీ," అన్నాను. "ముట్టుకున్నానురా," అంది, "అయినా బాగా సెప్పినావు."

ఎదురుగా గ్రైండర్ ఇంకా ఆగలేదు. నేను ఇంకో గ్లాసులో టీ పోయించుకుని రోడ్డు దాటాను. గ్రైండర్ పట్టినతను నా ఈడువాడే, మిషను ఆపి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. అంచు పట్టుకుని గ్లాసు అందించాను. అతను గుప్పిట నిండా పట్టుకున్నాడు. పొగలు ముఖానికి కొడుతున్నాయి.

"దేఖా దాదా? నాకివన్నీ కాలవు," అని పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

నేను నవ్వలేదు.

"ఎన్నాళ్ళ నుండి?" అని అడిగాను.