లింబన్న విమానానికి మోత కడియాలు

మీ ఊరి గరుడ వాహనానికి ముక్కు ఎంత వంగి ఉంటుందో చెప్పగలరా? చెప్పలేరు. ఏటా దానికి మొక్కుతారు, మొక్కేటప్పుడు కళ్ళు మూసుకుంటారు. నిన్న మా వీధిలో ఎవరో కొత్త తలుపుకు చిత్రిక పడుతుంటే, టేకు పొట్టు వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. కొంచెం ఘాటు, కొంచెం తోలు వాసన. దానితో పాటు ఈ ప్రశ్న నాకు నేర్పిన వడ్రంగి, వడ్ల లింబన్న, జ్ఞాపకంలోంచి లేచి వచ్చి నా బల్ల పక్కన కూర్చున్నాడు.

బోధన్‌లో చక్కెర కార్ఖానా పొగగొట్టం అప్పుడప్పుడే లేస్తున్న కాలమది. నేను నిజామాబాద్‌లో లింబన్న ఇంటి ముందరి గదిలో అద్దెకు ఉండి, సాయంత్రాలు చర్చా సభల్లో విగ్రహారాధన మీద నిప్పులు కక్కేవాణ్ణి. గోడకు అవతల ఆయన గుళ్ళకు గరుడ, హనుమంత వాహనాలు చెక్కేవాడు. నా శత్రువుల సరంజామా అంతా అక్కడే తయారయ్యేది. వినయం ఆయన ఒంట్లో లేదు. తన అంత పనివాడు జిల్లాలో లేడని ఎదురొచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు. బాధ మాత్రం ఒక్కటే. “తమ్మీ, సాలోడు నేసిన చీరెను తిప్పి తిప్పి సూస్తరు. కుమ్మరి కుండను కొట్టి సూస్తరు. నా పని ముందరికొస్తే కండ్లు మూస్తరు. సచ్చేలోపల జనం కండ్లు తెరిచి సూసేది ఒక్కటన్న చెయ్యాలె.”

ఆ ఒక్కటి బోధన్ వైపు నుంచి వచ్చింది. పటాలంలో పనిచేసి, పింఛను తీసుకుని చెరుకు వేసుకుంటున్న ఒక జమేదారు సాబ్ ఉండేవాడు. వాయవ్య సరిహద్దు కొండల్లో ఉన్నప్పుడు సిపాయీలను మోసే విమానం ఒకసారి ఎక్కాడు. ఆ కథ చెప్పకుండా చాయ్ తాగిన పాపాన పోలేదు. నిజామాబాద్ వస్తు ప్రదర్శన, అదే నుమాయిష్‌లో పెట్టడానికి అదే విమానాన్ని కర్రతో చెయ్యమని, పత్రికలోంచి చించిన బొమ్మ తెచ్చి ఇచ్చాడు.

“లోపల సిపాయీలు బుగులుపడ్డరా సాబ్, భయమైందా?” అని అడిగాడు లింబన్న.

“వాళ్ళు పడ్డరు. నేనైతే మీసం తిప్పుకుంట కూసున్న,” అన్నాడు జమేదారు.

లింబన్న ఆ మీసాన్నీ మొహాన్నీ కొలత తీసుకుంటున్నట్టు చూశాడు. 

విమానం తయారైంది. ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు, ఊదితే తిరిగే పంకాలు, నిండు చూలాలి పొట్టలాంటి నడుం. వెడల్పు నా రెండు చేతుల బార కంటే ఎక్కువ. వంగి చూస్తే అడుగున నాలుగు ఇనుప కడియాలు కనిపించాయి.

“ఇవెందుకన్నా?”

“బొంగులు దూర్చి మొయ్యనీకి.”

“విమానం ఎగురుతుంది. దాన్నెవరూ మొయ్యరు.”

“ఎగిరినంతసేపు ఎగురుతది. దిగినంక? వాహనమన్నంక మోత కడియాలు ఉండాలె. లేకుంటె మా నాయిన లేచొచ్చి తంతడు.”

ఆ కడియాలే కొంప ముంచాయి. రెక్కలు ఎడ్లబండిలో పట్టలేదు. బొంగులు దూర్చి నలుగురం భుజాన ఎత్తుకున్నాం. లింబన్న ఇంటి నుంచి భుజాల మీద వచ్చేది దేవుడే అని ఊరి నమ్మకం. మొదటి మలుపులోనే ఒక డప్పు కలిసింది. ఆడవాళ్ళు బిందెలతో వచ్చి మోసేవాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోశారు. విగ్రహాలను గోదావరిలో కలపమని ముందురోజే గర్జించిన నా పాదాలు తాకి, ఒక అవ్వ వేళ్ళు కళ్ళకద్దుకుంది. భుజం మీద బరువు, వెనక్కి జరగడానికి కూడా వీల్లేదు.

నుమాయిష్ మైదానం చేరేసరికి పంకాలకు బంతిపూల దండలు పడ్డాయి. చక్రం ముందు కొబ్బరికాయ పగిలింది. జనమంతా చేతులు జోడించి కళ్ళు మూశారు. లింబన్న మొహం వాడిపోయింది. “గిది గూడ దేవుడే ఆయె,” అన్నాడు మెల్లగా.

“నా ఫౌజీ జహాజ్ ముందర కొబ్బరికాయ కొట్టిందెవడు?” అని జమేదారు గంతులేస్తున్నాడు.

నేను బల్ల ఎక్కాను. ఇది యంత్రానికి నమూనా అన్నాను, మనిషి బుద్ధికి గుర్తు అన్నాను, ఇది వట్టి టేకు, కళ్ళు తెరవండి అన్నాను.

నా కాళ్ళకు మొక్కిన అవ్వ ఒక కన్ను మాత్రం తెరిచింది. “టేకైతేంది బిడ్డా, మా గరుడుడు గూడ టేకే,” అని మళ్ళీ మూసింది.

అప్పుడు లింబన్న నన్ను పక్కకు నెట్టి, విమానం నడుం మీది కప్పును రెండు చేతులతో ఎత్తేశాడు. లోపల అలాంటి ఏర్పాటు ఉందని నాకూ తెలియదు. జానెడు సిపాయీలు వరసగా కూర్చుని ఉన్నారు. ఒకడు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఒకడు కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంటున్నాడు. మధ్యలో పెద్ద మీసాలాయన పక్కవాడి తొడ గట్టిగా పట్టుకుని, కళ్ళు బిగించి ఉన్నాడు.

“అవ్వా, గీ మీసాలాయన ఎవలో జెర సూడు,” అన్నాడు లింబన్న.

అవ్వ వంగింది. “కనవడ్తలేదు. గీ పూలు అడ్డమొస్తున్నయి, తియ్యుండ్రి,” అంటూ తనే దండ లాగి అవతల పడేసింది. పట్టి పట్టి చూసింది. తర్వాత తలెత్తి జమేదారును చూసింది. “అయ్యో, గీ సాబే గదా.”

జనం ఒకరి మీద ఒకరు పడి చూశారు. పిల్లలు పంకాలు ఊదారు. ఒక సాలాయన రెక్క అతుకులు గోటితో గీకి చూశాడు. జమేదారు కూడా వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచి మీసం మీద చెయ్యి వేసి, తిప్పకుండానే దించేశాడు. “ఖుదా కసమ్, గట్లనే కూసున్న. నీకెవడు చెప్పిండ్రా?” అన్నాడు.

“మీసం తిప్పుకుంటనంటిరి గద సాబ్, గప్పుడే సమజైంది.”

ఆ సాయంత్రం ఖాళీ బొంగులు మోసుకుంటూ తిరిగి వస్తుంటే లింబన్న అన్నాడు: “నువ్వు మొక్కకుండ్రి అన్నవు. గది ఎవలింటరు తమ్మీ? నేను కప్పు తీసిన.”

ఇన్నేళ్ళుగా నేను రాసిన ప్రతి వ్యాసంలో ఆ కప్పు తీసే పనే చేశాను. తీయలేనిచోట అరిచాను, అరిచినచోటల్లా ఆ అవ్వ మళ్ళీ కళ్ళు మూసుకుంది. మీతో నాకు వాదన లేదు. ఈసారి మీ వీధిలోకి ఏ పల్లకీ వచ్చినా, అందులో దేవుడున్నా దొర ఉన్నా నాయకుడున్నా, ముందు ఆ పూలు పక్కకు లాగండి. కప్పు ఎక్కడ ఊడుతుందో వెతకండి. వంగి, లోపలికి చూడండి.