చేపల పులుసుకి హెచ్చరిక

భయం గురించి నాకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు. రెండు వ్యాగన్లు గుద్దుకునే బఫర్ల మధ్య నలిగిన మనిషి పక్కన కూర్చుని, ఆఖరి ఊపిరి దాకా అతని చేయి పట్టుకున్నవాణ్ణి నేను. ఆ చేతి వేడి ఇంకా నా అరచేతిలో ఉంది. అలాంటి నేను, రైల్వేలో రిటైరై ఇన్నేళ్లయ్యాక, ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్‌లో మా ఇంటి వరండాలో పట్టపగలు కూర్చుని, జేబులో ఫోను మోగుతుందేమోనని వణికాను. మోగకపోతే ఇంకా వణికాను. నాలుగు రోజులు అలా గడిచాయి.

సంగతి ఒక టీవీ సీరియల్‌తో మొదలైంది. పాడుబడిన స్టేషను, చచ్చిపోయినా డ్యూటీ మానని ఒక గార్డు దయ్యం, అదీ కథ. మా ఆవిడ, నేను, మా దగ్గరుండి కాలేజీలో చదువుకుంటున్న మా కూతురి కూతురు, ముగ్గురం కలిసి చూసేవాళ్లం. ఒక రోజు ఆ గార్డు మిట్టమధ్యాహ్నం ఎండలో పచ్చదీపం ఊపి బండిని పంపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పగలు ఊపేది జెండా.

"దయ్యమైపోతే మట్టుకు రూల్సు మర్సిపోతాడేటి?" అన్నాను.

"అంత బాధగా ఉంటే నువ్వే రాసీ తాతా," అంది మనవరాలు.

ఫోనులో దానికోసం ఒక గుంపే ఉందని అప్పుడు తెలిసింది. ఆ సీరియల్ మనుషుల్ని అరువు తెచ్చుకుని, ఎవరికి తోచిన కథ వాళ్లు రాసి అక్కడ పెడతారు. ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. రాసేవాళ్లలో నూటికి తొంభైమంది నా మనవరాలి ఈడు పిల్లలు. నేను ఫోనులోకి మాట్లాడితే అదే తెలుగులో రాసేది. నేను "సూసినాడు" అంటే అది "సూచన" అని రాసేది, అది వేరే గొడవ. మనవరాలు తప్పులు దిద్దిపెట్టేది.

అక్కడ కొన్ని కథల పైన ఇంగ్లీషులో టీ, డబ్ల్యూ అని రెండక్షరాలు ఉండేవి. అవేమిటని అడగడానికి నాకు నామోషీ. బాగా పేరున్నవాళ్ల కథలకే అవి ఉన్నట్టు కనిపించింది. తెలుగు రైటర్ అని నేనే అర్థం చెప్పుకున్నాను. డాక్టర్ల పేరు వెనక డిగ్రీల్లాగా అన్నమాట. ఇంకేం, నా మొదటి కథకే తగిలించాను. అందులో గార్డు దయ్యం బండి చివరి బ్రేక్‌వ్యానులో స్టవ్వు వెలిగించి చేపల పులుసు పెడుతుంది. రెండో కథలో గొడుగు పోగొట్టుకుంటుంది. దానికీ టీ డబ్ల్యూ. "తాతగారూ, చేపల పులుసుకి టీ డబ్ల్యూ ఎందుకండీ?" అని ఎవరో అడిగితే, "ఎంతో అభ్యాసం చేస్తేగాని రాదు బాబూ," అని జవాబిచ్చాను.

ఆ జవాబు మనవరాలి కంట పడింది. నవ్వి నవ్వి మంచం మీద పడిపోయింది.

"ధుత్ తాతా! ట్రిగ్గర్ వార్నింగ్ అది. కథలో సావో, దెబ్బలో, ఇంకేదన్నా ఘోరమో ఉంటే ముందే సెప్పడం. అలాటిది తమకే జరిగినోళ్లు ఉంటారు కదా. సూసుకుని, గుండె దిటవు సేసుకుని సదువుతారు. నేకపోతే మానీస్తారు."

"అయితే నా పులుసు?"

"అందులో ఎవరో ముల్లు గుచ్చుకుని సస్తారని ఆఖరి దాకా బయపడుతూ సదివినారట."

తప్పు తెలిసినవాడు దిద్దుకోవాలి. నేను ఎదురు తిరిగాను. ఆ అక్షరాలు తీసేస్తే తెలియక పెట్టానని ఒప్పుకున్నట్టే కదా. అందుకని వాటిని అలాగే ఉంచి, అసలు ఈ హెచ్చరికలే దండగ అని గుంపులో వాదనకు దిగాను. జీవితం ముందే చెప్పి వస్తుందా? కథకి మాత్రం ఎందుకు? నేను నా చేతుల్లో మనిషి పోవడం చూసినవాణ్ణి, నాకెవరు హెచ్చరిక ఇచ్చారు? అంటూ ఆ బఫర్ల సంగతి అక్కడ కూడా దంచాను.

గుంపు రెండుగా చీలింది. ఎవరు పోతారో పైనే రాసేస్తే ఇంక చదవడం దేనికని కొందరు. అది లేకపోతే మాలాంటివాళ్లం ఇక్కడ అడుగే పెట్టలేమని కొందరు. ఒక అబ్బాయి నన్ను గురువుగారూ అన్నాడు. ఒక అమ్మాయి, "మీకు జరిగిందని మాకూ జరగాలా తాతగారూ?" అంది. నాకు మహా ఉత్సాహంగా ఉంది. రిటైరయ్యాక నా మాట మీద అంతమంది పోట్లాడుకోవడం అదే మొదలు.

అప్పుడు బంతిపువ్వు మాట్లాడింది. అసలు పేరు నాకు తెలియదు, ఫోటో బదులు బంతిపువ్వు బొమ్మ పెట్టుకునేది. నా కథలన్నీ చదివేది. మొదట్లో ఒకసారి, "మీది ఖరగ్‌పూరా? మేం సాలువాలో ఉంటాం. మా నాన్నదీ రైల్వేనే," అని రాసింది. ఆ రోజు వాదనలో ఆవిడ రాసింది రెండే ముక్కలు.

"కాషన్ ఆర్డరు ఇస్తే బండి ఆగిపోతుందా తాతగారూ? నెమ్మదిగా పోతుంది, అంతే కదా."

ముందు దారిలో ఎక్కడ పట్టా బాగులేదో, అక్కడ ఎంత వేగం మించకూడదో రాసి డ్రైవరు చేతికిచ్చే కాగితం అది. నా సర్వీసంతా ఆ మాటల మధ్య గడిచింది. వ్యాగన్లు బాగుచేసే ఫిట్టర్ని. గురువుగారూ అన్న అబ్బాయి కూడా ఆవిడ మాటకే బొటనవేలు ఎత్తాడు.

ఓడిపోయిన ఉక్రోషంలో నేను మూడో కథ రాశాను. గార్డు దయ్యం ఎలా చచ్చిపోయిందో చెప్పే కథ. రెండు బఫర్ల మధ్య. ఎముకల చప్పుడు రాశాను. మొహం రంగు మారడం రాశాను. పక్కన ఒక ఫిట్టరు కూర్చుని చేయి పట్టుకోవడం రాశాను. పైన ఎప్పటిలాగే టీ డబ్ల్యూ అని పెట్టి, ఇప్పుడేమంటారో చూద్దామని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున మనవరాలు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. నవ్వడం లేదు. కథ కింద బంతిపువ్వు రాసింది:

"మా నాన్న ఇలాగే పోయారు. మీరు అన్నిటికీ పెడతారు కదా, ఇదీ చేపల పులుసు లాంటిదే అనుకున్నాను. ఇంక నా వల్ల కాదు."

పక్కన బంతిపువ్వు లేదు. బూడిదరంగు సున్నా ఉంది.

"బొమ్మ ఏదే?"

"తీసీసింది. మెసేజీ పంపినాను తాతా, పోటం నేదు."

"నా వల్ల కాదంటే ఏటి?"

"సదవడం తన వల్ల కాదని." ఫోను తన చేతిలోకి తీసుకుంటూ, "అదే అయ్యుంటాది," అంది. ఆ రెండో మాట అనకుండా ఉంటే బాగుండేది.

కథ తీసేశాం. తీసేశాక ఇంకా భయమేసింది, రుజువు మాయం చేసినవాడిలా అనిపించింది. గుంపులో జనం ఒకరినొకరు అడుగుతున్నారు, ఆవిడ ఎవరికైనా తెలుసా, ఎవరైనా మాట్లాడారా అని. ఎవరికీ తెలియదు. ఒకావిడ, "తాతగారికి ఇప్పుడు తృప్తిగా ఉందా?" అని రాసింది. అది చదివి ఫోను దిండు కింద పెట్టాను. అరనిమిషం ఆగలేక మళ్లీ తీశాను.

"నా వల్ల కాదు." ఎన్ని రకాలుగా చదివినా ఆ మూడు మాటలకి రెండు అర్థాలే వచ్చేవి. ఒకటి చదవడం. రెండోది నోటితో అనలేను. అన్నం ముందు కూర్చుంటే ఆ రెండోది వచ్చి ఎదురుగా కూర్చునేది. మా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి, "ఏటి మావా, జొరవేటి?" అంది. అవునన్నాను.

మూడో రోజు సాలువా వెళతానని మనవరాలితో చెప్పాను.

"పేరు తెలీదు, ఇల్లు తెలీదు. ఎల్లి ఏటడుగుతావు? దీదీ, మీ ఈదిలో ఎవరన్నా పోయినారేటి అనా?"

"ఊరికే సూసొస్తాను."

"ఆవిడ అగుపడితే ఇంకా నష్టం తాతా. బయపెట్టిన ముసలోడు ఫోనులోంచి గుమ్మంలోకి వచ్చీసినాడని జడుసుకుంటాది. ఎల్లకు."

దాని మాటే నిజం. అయినా మా ఆవిడకి పళ్లపొడి కొనుక్కొస్తానని చెప్పి టోటో ఎక్కాను. ఆ బ్యాటరీ బండి గతుకుల్లో ఊగుతూ పోతుంటే, దారిలో ఎదురొచ్చే ప్రతి ఆడమనిషి మొహమూ చూశాను. బతికున్న ఏ మొహమైనా ఆవిడదే కావచ్చు కదా. పోలీసు క్యాంపు దగ్గరపడుతుండగా గోడ అవతల ఢాం, ఢాం అని పేలింది. నేను సీటు ముందరి కమ్మీ పట్టుకుని అరిచాను.

"కిచ్ఛు నా దాదూ," అన్నాడు టోటో అతను, వెనక్కి తిరక్కుండానే. "ప్రాక్టిస్." ఏమీ లేదట, క్యాంపువాళ్ల ప్రాక్టీసట.

కొంచెం ముందుకి పోయాక ఒక ఇంటి ముందు ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బండి ఆపమన్నాను గాని దిగడానికి కాళ్లు రాలేదు. గుంపు కాస్త పక్కకి జరిగింది. మధ్యలో చేపలమ్మే మనిషి, తక్కెడ, తట్టలో ఇంకా కొట్టుకుంటున్న చేపలు. కొంగు అడ్డం పెట్టుకున్నావిడ ధర విని నవ్వుతోంది.

ఎవరినీ ఏమీ అడక్కుండా అదే టోటోలో వెనక్కి వచ్చేశాను. పళ్లపొడి మర్చిపోయాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఫోను కూసింది. బూడిదరంగు సున్నా పోయి బంతిపువ్వు మళ్లీ ఉంది. నాకొక్కడికే రాసింది.

"తాతగారూ, నేను బాగానే ఉన్నాను. ఆ రోజు వంట చేస్తూ చదివి కింద కూలబడ్డాను. ఖాతా ఆపేసి, ఫోను మా వదినకిచ్చేసి నాలుగు రోజులు వాళ్లింట్లో ఉన్నాను. కోపం ఉంది, లేదని చెప్పను. కాని ఒకటి అడగాలి. నాన్న పోయినప్పుడు పక్కన ఎవరున్నారో మాకు ఎవరూ చెప్పలేదు. అమ్మ ఇప్పటికీ అదే అడుగుతుంది. మీరు చూశారు కదా. చేయి పట్టుకుంటే ఆ మనిషికి తెలుస్తుందా? అతను తిరిగి మీ చేయి పట్టుకున్నాడా? చెబితే అమ్మకి చెబుతాను."

బతికే ఉంది. వరండా స్తంభానికి ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలాను. ఆ ఊపిరి వదిలినంతసేపు కూడా పట్టలేదు, ఇంకో భయం వచ్చి కూర్చుంది. మొన్నటిది ఆవిడ గురించి. ఇది నా గురించి.

ఇక్కడ చదువరులకి ఒకటి ఒప్పుకోవాలి. నేను ఎవరి చేయీ పట్టుకోలేదు. అరచేతిలో వేడీ లేదు, ఏమీ లేదు. క్యాంటీన్లో చెప్పగా చెప్పగా ఒక్కో ఏడాది ఒక్కో అడుగు దగ్గరికి జరిగి, చివరికి పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. ఇన్నాళ్లూ విన్నవాళ్లు అయ్యో అన్నారే గాని, తిరిగి పట్టుకున్నాడా అని ఎవరూ అడగలేదు.

పట్టుకున్నాడు అని రాయడం ఎంత తేలిక! ఒక్క మాట. ఎక్కడో ఒక ముసలావిడ కళ్లు తుడుచుకుంటుంది. వేలు అక్షరాల మీద పెట్టాను కూడా. ఆ ముసలావిడ నా అబద్ధాన్ని దిండు కింద పెట్టుకుని పడుకోవడం కనిపించింది. వేలు వెనక్కి తీసుకున్నాను.

మనవరాలు కాలేజీ నుంచి వచ్చేదాకా ఆగి, నిజం చెప్పి రాయించాను. "అమ్మా, చేయి పట్టుకున్నానన్నది కోత. నేను పది బారల దూరంలో నిలబడిపోయాను. కాళ్లు కదల్లేదు. పట్టాల పక్కన అతని చెప్పు ఒకటి పడి ఉండటం చూశాను. అతనికి ఏం తెలిసిందో నాకు తెలియదు. టీ డబ్ల్యూ అంటే ఏమిటో తెలియక పెట్టాను, తెలిశాక పంతానికి ఉంచాను. తప్పు నాదే." ఇంత నిజం నేను జన్మలో ఒక్కసారిగా చెప్పి ఎరగను. పంపేముందు మళ్లీ ఒకసారి పైకి చదవమన్నాను, మా ఆవిడ వినాలని.

మా ఆవిడ గుమ్మంలో కూర్చుని బచ్చలాకు తుంచుతోంది. చెప్పు దగ్గరికి వచ్చేసరికి తుంచడం ఆపింది.

"పది బారలేటి మావా? ఆ దినం నువ్వు డూటీకే ఎల్లనేదు. జొరవొచ్చి కోటర్సులో ముసుగెట్టి తొంగున్నావు. ఆ సెప్పు సూసినోడు నీతో పని సేసిన మా అన్న. జొరం దిగిందని నాను సేపల పులుసు ఎట్టినాను, నువ్వు కలుపుకుంటన్నావు, ఆడొచ్చి ముందూ ఎనకా సూడకుండా అంతా సెప్పీసినాడు. కంచంలోనే కక్కీసినావు. రెండ్రోజులు మెతుకు ముట్టనేదు. ఆ కంచం తోవినదాన్ని నాను."