రవికకి నంబరు లేదు

మురళి గారూ, అక్షరాల్లో తప్పులుంటాయి, రాత కూడా బాగుండదు, మన్నించండి. నేను చదివింది ఆరో క్లాసు వరకే. సుగుణక్క ఆఫీసు వాళ్ళందరూ చదివే ఈమెయిల్ గ్రూపులో మీరే టైపు చేసి పెడతానన్నారని ధైర్యం చేసి రాస్తున్నాను.

నిన్న పొద్దున మా షాపుకి ఫోన్ వచ్చింది.

సుగుణక్క ఇక లేదట.

చేతిలో ఉన్న రవిక గుడ్డని మడిచి, విప్పి, మళ్ళీ మడిచాను. ఎంతసేపో తెలీదు.

మాది మద్రాసు పురసవాక్కంలో చీరల షాపు. నేను మ్యాచింగ్ రవికల కౌంటర్లో ఉంటాను. పోయినేడు కంప్యూటర్ వస్తోందని, ఇక ఆ కౌంటర్‌కి మనిషి అక్కర్లేదని మా షాపు యజమాని ముదలాళి అన్నాడు. అంబత్తూరులో మా ఆయన పనిచేసే కంపెనీ అప్పటికే మూతపడింది.

ఆ కంప్యూటర్‌కి ప్రోగ్రాం రాయడానికి వచ్చింది సుగుణక్క.

ఏ చీరకి ఏ రవికో జతలుగా పెట్టాలి. ఒక్కో గడిలో పడేది అంకెలో అక్షరాలో, అలాంటి గడులు ఎన్నో కంప్యూటర్‌కి ముందే చెప్పాలట. అక్క చీరకీ రవికకీ రెండిటికీ నంబర్లే అని చెప్పి ఉంచింది. రవిక నంబరు చెప్పమని నన్ను మూడుసార్లు అడిగింది. నేను తల వంచుకుని రవిక గుడ్డలు సర్దుకుంటూ పోయాను.

చివరికి మెల్లగా అన్నాను.

"అక్కా, రవికకి నంబరు లేదు. కలరు పేరే. ఈ లక్క ఎరుపు అరక్కు, అది మామిడి చిగురు."

"ఇంతసేపూ నోట్లో ఏం పెట్టుకోనుండావుమే? వారం నించి ఈడ తల బాదుకుంటా ఉండా" అని నవ్వింది.

చీరకి నంబరు, రవికకి అక్షరాలు అని మార్చింది. రెండూ కలిపి మీరేమంటారు అని అడిగింది. జత అన్నాను. ఆ పేరే పెట్టి, నా చేతే కొట్టించింది.

struct jata jatalu[200];

రెండు వందల జతలకి చోటు.

తర్వాత ముదలాళితో అంది, "చోటు నేను పెట్టినా సార్. దాంట్లో ఏంది పెట్టాల్నో ఈ పాపకే తెలుసు. పాపని పంపిస్తే నీ కంప్యూటరు ఉత్త డబ్బానే."

ఆ కంప్యూటర్ ముందు కుర్చీ ఇప్పటికీ నాదే. మా పొయ్యి వెలుగుతోంది.

మైలాపూరులో తన ఇంటికి రమ్మని అక్క ఎన్నోసార్లు పిలిచింది. సిగ్గుపడి వెళ్ళలేదు. నిన్నే మొదటిసారి వెళ్ళాను.

నా తప్పులన్నీ దిద్దండి మురళి గారూ. jata మాత్రం మార్చొద్దు.

అక్కా, బతికినన్నాళ్ళూ నీ మేలు తలుచుకుంటాను. ఇక తల బాదుకునే పని లేదు, నెమ్మదిగా పడుకో.

టైపు అయ్యాక, నా రాత ఇంకెవరి కంటా పడకుండా ఈ కాగితం కాల్చేయండి.

— మ్యాచింగ్ కౌంటర్ పద్మ