నలభై ఒక్క గంటలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు నోరెక్కువ. ఆస్పత్రిలో చీటీల కిటికీ దగ్గర ఇరవై రెండేళ్లుగా కూర్చున్నదానికి నోరు లేకపోతే, పొద్దున తొమ్మిదిన్నరకల్లా జనం ఆ కిటికీ ఊడబెరికి పట్టుకుపోతారు. పేరు, వయసు, ఏం ఇబ్బంది. ఈ మూడు ప్రశ్నలే నా ఉద్యోగం. జవాబు రాసుకుని, చీటీ చింపి ఇచ్చి, ఏ గదికి వెళ్లాలో చెప్పి, తర్వాతి వాళ్లని పిలుస్తాను. అయినా ఇప్పుడు చెప్పబోయేది నా గొడవ కాదు, మా చెల్లెలి కూతురి గురించి. అది నాలా అరవదు. గొంతు పెంచకుండానే ఎదుటివాళ్ల చేత మూడు చెరువుల నీళ్లు తాగిస్తుంది.

ఆస్పత్రిలో అందరూ దాన్ని కళ్లజోడు పిల్ల అంటారు. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మా చెల్లెలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ముందు గదిలో కుట్టుమిషను, దాని పక్కన బల్ల, బల్ల మీద సగం గుడ్డముక్కలు, సగం దీని పుస్తకాలు. చొక్కా చేతులు వెతుక్కుంటుంటే నీ నోట్సు తగులుతోందని తల్లి, నా నోట్సు నిండా గుండుసూదులేనని కూతురు. రోజూ ఇదే పంచాయితీ.

ఆ బల్ల మీదే ఒకరోజు నాకా దరఖాస్తు కనబడింది. ప్రజాసేవ, నైతికత మీద విద్యార్థులకు వేసవి ఫెలోషిప్ అట. రెండు నెలలు రాజధానిలో ఉంచి, ప్రభుత్వ కార్యాలయాల్లో పని ఎలా నడుస్తుందో దగ్గరుండి నేర్పుతారట. దీనికెందుకే తల్లీ అంత ఆరాటం అని అడిగితే, ఎదురు నన్నే ప్రశ్న వేసింది. మీ ఆస్పత్రికి ఒక్కటే కిటికీ ఎందుకుంది, రెండోది తెరవాలంటే ఎవరు సంతకం పెట్టాలి అని. నాకేం తెలుసు? ఇరవై రెండేళ్లలో నాకా ప్రశ్నే తట్టలేదు. ఆ సంతకం పెట్టేవాళ్లు ఎక్కడ కూర్చుంటారో, ఎందుకు పెట్టరో చూసి రావాలని దీని కోరిక. ఆ పిచ్చి ఎంతగా పట్టిందంటే, రెండు నెలలు అన్నం సరిగ్గా తినకుండా వ్యాసం రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది.

దరఖాస్తులో ఒక కాగితం కాలేజీవాళ్లు ఇవ్వాలి. ఈ విద్యార్థి ఇన్ని గంటలు సేవ చేసింది అని సంతకంతో. అరవై గంటలు దాటినవాళ్లకి ప్రాధాన్యం. వాళ్ల కాలేజీకి మా ఆస్పత్రితో ఏర్పాటు ఉంది, పిల్లలు వచ్చి సాయం చేయాలని. ఆ ఏర్పాటు మొదలై ఆరేళ్లయింది. నా కిటికీ దగ్గరికి వచ్చిన పిల్ల ఇదొక్కతే. శనివారాలు షుగరు రోగులు ఎక్కువ. స్టూలు వేసుకుని వరుస పక్కన కూర్చునేది, రాయడం రానివాళ్లకి కాగితాలు నింపేది, కళ్లు కనబడనివాళ్లని గది దాకా తీసుకెళ్లేది. వచ్చిన టైము, వెళ్లిన టైము నేను రిజిస్టరులో రాసేదాన్ని. మొత్తం నలభై మూడు గంటలు తేలింది. ఇది కూర్చుని లెక్క చూసి రెండు కొట్టేసింది. కరెంటు పోయి కిటికీ మూసిన గంట ఒకటి, పరీక్ష ఉందని స్టూలు మీద చదువుకున్న గంట ఒకటి. నలభై ఒకటి.

ఇక్కడే వచ్చింది తంటా. కాలేజీలో ఈ గంటలు ఎక్కించే సేవా పుస్తకాలు చూసే మాస్టారు ఒకరున్నారు. ఏడాది చివర అందరి పుస్తకాలూ ముందేసుకుని, ఒక్క కూర్చోవడంలో అందరికీ అరవై అని రాసి సంతకాలు పెట్టేస్తారు. గడప దాటనివాళ్లకీ అరవైయే. అది అబద్ధమని అక్కడెవరికీ తోచనైనా తోచదు. దీని పుస్తకంలోనూ అరవై వేసి ఉంచారు. ఇదెళ్లి, సార్ ఇది తప్పు, నలభై ఒకటి అని దిద్దండి అంది. ఆయన ముందు నవ్వారట. తర్వాత నెమ్మదిగా నచ్చజెప్పారట, మన కాలేజీ నుంచి ఇంకో ముగ్గురు ఇదే ఫెలోషిప్‌కి పెడుతున్నారు, నీ ఒక్కదానికే నలభై ఒకటి ఉంటే మిగతావాళ్ల అరవై ఎక్కణ్నుంచి వచ్చాయని అడగరా అని. ఇది తాపీగా, "అడగాలి కదా సార్" అందట. దాంతో ఆయనకి ఒళ్లు మండింది. అరవై అయితే సంతకం, లేకపోతే లేదు పొమ్మన్నారు.

నిజం చెబుతాను, నేనూ మాస్టారి పక్షమే. ఆ సాయంత్రం వాళ్లింటికెళ్లి దాన్ని దులిపేశాను. పంతొమ్మిది గంటల కోసం బంగారంలాంటి అవకాశం కాలదన్నుకుంటావా, రిజిస్టరు నా చేతిలోనే ఉంది, నాలుగు శనివారాలు ఎక్కించలేనా అన్నాను. అది గుడ్డముక్కలు మడతపెడుతూ అంతా విని, అప్పుడంది:

"పెద్దమ్మా, అది నీతి మీద దరఖాస్తు. మొదటి పేజీలో అబద్ధం రాసి, రెండో పేజీలో నీతి గురించి ఏం రాయమంటావు?"

నేను ఇంకా గట్టిగా అరిచాను. మా చెల్లెలు మిషను ఆపి, అది చేసిందే రాసుకుంటానంటోందిగా అక్కా, ఎవరిదీ లాక్కోవడం లేదుగా అంది. తల్లీకూతుళ్లు ఇద్దరూ ఒకే గూటికి చేరారని నేను మొహం మాడ్చుకుని వచ్చేశాను.

మర్నాడు శనివారం. దరఖాస్తుకి సోమవారం ఆఖరు. అయినా ఎప్పటిలాగే వచ్చి స్టూలు వేసుకుంది. నేను దాని వైపు చూడకుండా చీటీలు చింపుతున్నాను. వరుసలో రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉంటాడు, ప్రతి శనివారం వస్తాడు, పిల్ల మొహం అలా వాడిపోయిందేం అని నన్నడిగాడు. నాకు దాని మీద కోపమో, మాస్టారి మీద కోపమో నాకే తెలియదు, వరుస చివరిదాకా వినబడేలా మొత్తం కథ చెప్పేశాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, కాలేజీ పెట్టకపోతే మేం పెడతాం, ఇలా ఇవ్వమ్మా అన్నాడు. ఒక తెల్ల కాగితం తీసి, పైన ఈ పిల్ల తమకి సాయం చేసిందని రాసి, కిటికీలోంచి ఇచ్చాను. నా సిరాడబ్బా కూడా ఇచ్చాను. వేలిముద్రలు పడ్డాయి, సంతకాలు పడ్డాయి. ఒకావిడ తన సంతకం పక్కన షుగరెంత ఉందో కూడా రాసింది. నలభై ఏడుగురు తేలారు. అప్పుడు ఈ మహాతల్లి కాగితం తీసుకుని, ఒక్కొక్కళ్ల మొహం చూసి, మీకు నేనెప్పుడూ రాసిపెట్టలేదు కదండీ అని నలుగురి పేర్లు కొట్టేసింది. నా తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు.

కాలేజీ సంతకం ఉండాల్సిన చోట తన చేత్తోనే రాసింది: "ఇవ్వలేదు. కారణం, నేను అరవై గంటలు చేయలేదు." ఆ సంతకాల కాగితం జతచేసి అలాగే పంపేసింది.

మూడు వారాలకి కిటికీ దగ్గర ఫోను మోగింది. ఫెలోషిప్ కార్యాలయం నుంచి ఒకావిడ. రిజిస్టరు మీ దగ్గరే ఉంటుందా, ఆ అమ్మాయి ఎన్ని గంటలు చేసిందని అడిగింది. అరవై అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఒట్టు. మింగేశాను. దరఖాస్తు పెట్టిన రోజుకి నలభై ఒకటి, నేను నలభై మూడు రాస్తే రెండు అదే కొట్టేసింది అన్నాను. నేను దాని పెద్దమ్మనని, నా మాట పనికిరాకపోతే ఆ సంగతీ రాసుకోమని కూడా చెప్పాను. ఆవిడ అదే కాలేజీ పిల్లల్లో ఇంకో ముగ్గురి పేర్లు చదివింది. వాళ్లెవరూ ఈ రిజిస్టరులో లేరమ్మా అన్నాను.

వారం తిరక్కుండా రెండు ఉత్తరాలు వచ్చాయి. కాలేజీకి వచ్చినదాంట్లో ఆ ముగ్గురి రిజిస్టరు నకలు పంపమన్నారు. మా పిల్లకి వచ్చినదాంట్లో, వ్యాసం బాగుంది, కాలేజీ సంతకంతో ధ్రువీకరణ నెలాఖరులోగా అందితే ఇంటర్వ్యూకి పిలుస్తాం, లేకపోతే కుదరదన్నారు. నెలాఖరుకి ఐదు రోజులుంది.

ఆ శనివారం మాస్టారు స్వయంగా కిటికీ దగ్గరికి దిగారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, మొహం నిండా నవ్వు. వరుసని తోసుకుని ముందుకొచ్చి, గొంతు తగ్గించి విషయం చెప్పారు. పాత తేదీలతో ఆ ముగ్గురి పేర్లూ రిజిస్టరులో ఎక్కించాలి. మా పిల్లకీ పంతొమ్మిది కలపాలి. కలిపితే అక్కడే, ఆ కిటికీ మీదే, దాని కాగితం మీద సంతకం పెట్టేస్తారు. పెన్ను మూత కూడా తీసి పట్టుకున్నారు.

నెల కిందట ఇదే పని నేనే చేస్తానని ఆ పిల్ల మీద విరుచుకుపడ్డాను. ఇప్పుడు ఆ పెన్ను కంటపడగానే రిజిస్టరు మూసేశాను. దాని వైపు చూశాను. స్టూలు మీద కూర్చుని ఎవరిదో కాగితం నింపుతోంది, రాసిన పేరే మళ్లీ రాస్తోంది. దానికి ఆ ఫెలోషిప్ ఎంత కావాలో నాకు తెలియదా?

"ఆ ముగ్గురినీ వచ్చే శనివారం పంపండి సార్," అన్నాను. "ఒకటో గంట నుంచి మొదలుపెడతాను."

ఆయన నవ్వు మాయమైంది. దాని వైపు తిరిగి, నీ భవిష్యత్తు గురించైనా ఆలోచించుకో అన్నారు. అది కళ్లజోడు సర్దుకుని, ఆయన మొహంలోకి చూసి అడిగింది:

"నలభై ఒకటికి సంతకం పెడతారా సార్? లేకపోతే కొంచెం పక్కకి జరగండి, వెనక పెద్దవాళ్లు నిలబడి ఉన్నారు."

బస్సు డ్రైవరు అప్పటికే మోచేత్తో దారి చేసుకుంటున్నాడు. మాస్టారు పెన్ను మూత పెట్టేసి వెళ్లిపోయారు. తర్వాత ఆ ముగ్గురు తమంతట తామే దరఖాస్తులు వెనక్కి తీసుకున్నారట. నెలాఖరు వచ్చింది, పోయింది. మా పిల్లకి పిలుపు రాలేదు. ఆ రోజు అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను, మా చెల్లెలు మిషను ఆపకుండా కుడుతూనే ఏడ్చింది.

రెండో కిటికీకి ఎవరు సంతకం పెట్టాలని ఇప్పుడు నేను ప్రతి సోమవారం మా పెద్ద డాక్టరుగారిని అడుగుతున్నాను. నన్ను చూస్తే ఆయన దారి మార్చుకుని వెళ్తున్నారు, నేనూ దారి మార్చి ఆయనకి ఎదురెళ్తున్నాను. పిల్ల వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెడుతుందట. సంతకానికి మళ్లీ ఆ మాస్టారి దగ్గరికే వెళ్తుందట. పెట్టకపోతే మళ్లీ "ఇవ్వలేదు" అని రాస్తుందట. మొన్న శనివారానికి రిజిస్టరులో నేను మొత్తం డెబ్బై రెండు గంటలు రాశాను. ఒకటి కొట్టేసింది.