కార్తీకంలో వండిన మాంసం

మొన్న అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం ముందు బుడగలు కట్టి, డప్పులు మోగిస్తూ, కార్నివాల్ అని ఇంత పెద్ద బ్యానర్ వేలాడదీశారు. లోపల అమ్మేవి నిరుటి చీరలేనని నా వయసు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు గాని, ఆ మాట చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి, ఎందుకంటే దాని అర్థం నాకు చెప్పింది నాన్న, అదీ ఆయన నోటితో తినగలిగిన ఆఖరి రోజున.

నాన్న కోస్తా నుంచి వచ్చి నాంపల్లిలో ఒక బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. మా ఇంట్లో కార్తీకమాసమంతా మాంసం ముట్టేవాళ్లం కాదు, అందుకని నెల మొదలయ్యే ముందు ఆదివారం అమ్మ అందరికీ కడుపునిండా వండి పెట్టేది, ఆ పూట కోసం నాన్న స్వయంగా బేగం బజారుకు వెళ్లి మసాలా దినుసులు వాసన చూసి మరీ తెచ్చేవారు. ఆ ఏడు ఆ ఆదివారం దవాఖానలో గడిచిపోయింది. గొంతులో పుండు ముదిరిందని, ఆపరేషన్ అయ్యాక ఇక గొట్టంతోనే ఆహారమని డాక్టరు చెప్పాడు.

ఆపరేషన్‌కు ముందు రోజు మధ్యాహ్నం, కార్తీకం నడుమ, దవాఖాన నుంచి ఇంటికొచ్చిన నాన్న కోసం అమ్మ పొయ్యి మీద మాంసం పెట్టింది. పక్క వాటాలో ఉండే ఈ ఊరావిడ, రోజూ దీపం పెట్టి ఒంటిపూట ఉండే మనిషి, “ఏంది వదినా, కార్తీకంల గీ వాసనేంది?” అంటూ కోపంగా వచ్చింది. మంచం మీద నాన్నను చూశాక ఆవిడే తగ్గి, “జర మెత్తగ ఉడకనియ్యి, అన్నకు మింగస్తలేదు, గా శోర్వ నీళ్లన్న తాగుతడు” అని, మా పొయ్యి ముందు కూర్చుని తన చేత్తోనే ముక్కలు మెదిపింది.

పాపం చేశానేమోనని అమ్మ ఏడుస్తుంటే నాన్న బొంగురు గొంతుతో పాఠం మొదలుపెట్టారు. కార్నివాల్ అంటే మొదట జాతర కాదట, లాటిన్‌లో మాంసాన్ని తీసి పక్కన పెట్టడమట, నలభై రోజుల ఉపవాసాలకు ముందు క్రైస్తవులు ఆఖరుసారిగా తిని ఆడి పాడేవారట, ఆ ఆటపాటలు మిగిలి అసలు సంగతి మరుగున పడిందట. మనకు కాస్త ఆలస్యమైంది, అంతేనన్నారు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఒకటి రెండు గుక్కలు దిగాయి, తర్వాతది దిగలేదు. గిన్నె నా వైపు జరిపి తినమన్నారు.

ఆయన ఆ చలికాలం దాటలేదు. అమ్మ మళ్లీ మాంసం వండలేదు. ఇప్పుడు ఏ నెలలో ఏదీ మానే పని లేదు, అడిగిన వేళకు బిర్యానీ గుమ్మం ముందుకే వస్తుంది, సుఖమే, కాదనను. కాని ఇదే ఆఖరని తెలిసి తినడం ఎంత కష్టమో ఈ పిల్లలకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. ఆ రోజు నేను తింటున్నంతసేపూ నాన్న నా నోటివంకే చూస్తూ ఎలా ఉందని అడిగారు. చాలా బాగుందన్నాను. నిజానికి ఆ రుచి ఎలా ఉందో తింటున్నప్పుడూ నాకు తెలియలేదు.