తోపు గద్దె మీద తల్లిమేక

నా చిన్నప్పుడు, డెబ్బైల తొలినాళ్లలో, దుమ్ముగూడేనికి ఇవతల అడవి అంచున ఉన్న మా ఊరి గుట్టపైన సిమెంటుతో కట్టిన ఒక గుండ్రని గద్దె ఉండేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమానాలను కూల్చే తోపును, అంటే పెద్ద ఫిరంగిని, దానిపై నిలిపారట. శత్రు విమానం ఒక్కటీ రాలేదు. తోపును తీసుకుపోగా చుట్టూ మోకాలెత్తు గోడ, నేలలో దిగేసిన ఇనుప బోల్టులు, గుండ్లు దాచేందుకు కట్టి పైన సిమెంటు పలకలు కప్పిన అరలు మిగిలాయి. దానిని అందరూ తోపు గద్దె అనేవారు.

ఒక ఏడు ఊరి మేకలను కాయడానికి టేకులపల్లి వైపు నుంచి ఒకతను వచ్చాడు. ఎండవేళ మందను ఆ గోడ లోపల నిలిపేవాడు. ఆ సంగతి ఊరికి నచ్చలేదు. అక్కడ ఏమి తవ్వుతున్నాడో, ఎవరికోసం కాచుకుని ఉన్నాడో అని గుసగుసలాడేవారు. అంతలో ఒక సాయంత్రం మా ఇంటి మేకపిల్ల తిరిగి రాలేదు. కోసుకుతిన్నాడని ఒకరు, సంతలో అమ్ముకున్నాడని మరొకరు తేల్చేశారు. మీరూ వెంట రండి, గద్దె దగ్గర వెతుకుదామని అతను మొక్కినా, చీకట్లో పారిపోతాడని కదలనివ్వలేదు. తెల్లవారితే వెళ్లగొట్టాలని పెద్దలు నిర్ణయించారు. ఆ పని పోతే అతని ఇంట పొయ్యి వెలగదు.

మా నాయనమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. పొద్దున్నే తల్లిమేకను తోలుకుని గుట్ట ఎక్కింది. ఊరంతా ఆమె వెంట నడిచింది. మేకను ఇనుప బోల్టుకు కట్టి, "జర నోర్లు మూసుకోండ్రి. దాన్ని పిలువనియ్యండ్రి," అంది.

తల్లి అరిచింది. కొంతసేపటికి గుండ్ల అరలోనుంచి సన్నని అరుపు బదులు వచ్చింది. పైపలక ఒరిగి అర మూతి మూసుకుపోయి ఉంది. అతను పలకను పక్కకు నెట్టి పిల్లను బయటకు తీశాడు.

అయినా అనుమానం చావలేదు. "గాడ దాచిపెట్టింది వీడేనేమో, పెద్దమ్మా," అన్నాడు మా పక్కింటాయన.

"మనల్ని ఎంట రమ్మని మొక్కి మరీ దాచిపెట్టెటోణ్ణి నేనేడ చూడలే, బిడ్డా. పోనియ్యంది మనమే," అంది నాయనమ్మ. మా మేకలన్నింటినీ, ఆ పిల్లతో సహా, అందరి ఎదుటే అతనికి అప్పగించి గుట్ట దిగింది. మిగిలినవారూ ఒక్కొక్కరుగా తమ మేకలను అతని మందలోకి తోలారు. పక్కింటాయన మాత్రం చాలాకాలం సాయంత్రం పూట తన మేకలను వాకిట్లో నిలబెట్టి లెక్క చూసుకునేవాడు.

పెద్దయ్యాక నేను పంతులమ్మనై, బడిని కట్టుదిట్టంగానే నడిపాను. తరగతిలో ఏ వస్తువు పోయినా నా చూపు ముందుగా కొత్తగా చేరిన పిల్లల మీదికే పోయేది. అందుకే సంచులు విప్పమనక, అందరినీ లేపి బల్లల కింద వెతికించేదాన్ని. ఇప్పటికీ ఇంట్లో ఏదైనా కనిపించకపోతే, ఒకరి పేరు నా నోటికి వచ్చేలోపు, ముందు నిలబడి చెవి ఒగ్గుతాను.