బెత్తెడు స్వెట్టరు

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లోకి నేను రెండో భార్యగా వచ్చాను. మా ఆయనకు ఆరేళ్ల కూతురు. తల్లి పోయి రెండేళ్లయింది. నేను వచ్చిన ఏడు నెలల్లో ఆ పిల్ల అవసరానికి మించి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ తక్కువదాన్ని కాదు. అలిగిన పిల్లను బతిమాలడం చేతకాక నా పనిలో నేనుండేదాన్ని.

ఆ పని అల్లిక. పక్క క్వార్టర్ భాభీ నేర్పింది. అనకాపల్లిలో పెరిగిన నాకు చలికాలమంటే దుప్పటి ఒకటి ఎక్కువ కప్పుకోవడం, అంతే. ఇక్కడ ఊలు పట్టుకున్నాక వదల్లేదు. మా క్వార్టర్ల లైన్లో పుట్టిన ప్రతి పసిబిడ్డకూ టోపీ, మేజోళ్లు. మా ఆయనకో మఫ్లరు. "ఇంట్లో పిల్లకు తప్ప ఊరందరికీ అల్లుతున్నావు" అని ఒకరోజు ఆయన డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో అనేసి పోయారు. నిజం కాబట్టి ఒళ్లు మండిపోయింది.

ఆ వారమే విజయనగరం నుంచి పిల్ల అమ్మమ్మ ఫోన్ చేసింది. ఆదివారం పొద్దున్న వస్తున్నానని, పిల్ల ఇక్కడ బాగా లేకపోతే తనతో తీసుకుపోతానని చెప్పింది. ఆయన "చూద్దాం లెండి" అన్నారు. వద్దనలేదు. పిల్ల వెళ్లిపోతే నేనే తరిమేశానంటారు, అదొక భయం. ఆ పిల్ల లేని ఇల్లు నాకూ వద్దని అప్పుడే తెలిసింది, అది అంతకంటే పెద్ద భయం.

ఎర్ర ఊలు తెచ్చి పిల్లకు చేతుల్లేని స్వెట్టరు మొదలుపెట్టాను. నా మొదటి స్వెట్టరు. పిల్లను పిలిచి కొలత తీసుకోవాలంటే బెరుకు. తీగ మీద ఆరేసిన యూనిఫాం చొక్కా వెడల్పు చూసి కుట్లు ఎక్కించాను. పొడవు భాభీ చెప్పింది. "బిత్తా భర్ బున్ లో, ఫిర్ బగల్ ఘటానా." అంటే బిత్తా అంత అల్లి, అక్కడ చంక కోసం కుట్లు తగ్గించాలి. బిత్తా ఎంతో నేనడగలేదు. మన బెత్తెడునే హిందీలో అలా అంటారనుకున్నాను. నాలుగు వేళ్ల వెడల్పు అల్లి తగ్గించేశాను. ముందూ వెనకా రెండూ అలాగే.

శనివారం మధ్యాహ్నం రెండు ముక్కలూ కలిపి కుట్టి, స్కూలు నుంచి వచ్చిన పిల్లకు ఇచ్చాను. వేసుకుంది. అంచు బొడ్డుకు పైనే ఆగిపోయింది. "ఛోటా హై" అని విప్పి, కుర్చీ మీద పెట్టి లోపలికి వెళ్లింది.

భాభీ దగ్గరకు పరుగెత్తాను. బిత్తా అంటే ఏమిటో ఆమె బొటనవేలూ చిటికెనవేలూ చాచి చూపించింది. అది మన జానెడు! నేను నాలుగు వేళ్లు చూపిస్తే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అన్నిటికీ అచ్ఛా అచ్ఛా అంటూ ఊపిన నా తలను ఏ గోడకేసి కొట్టాలో తెలియలేదు.

ఇంటికొచ్చి కసిగా విప్పడం మొదలుపెట్టాను. మెలికలు తిరిగిన ఊలు ఒళ్లో పడుతోంది. పిల్ల గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. తర్వాత వచ్చి కొస పట్టుకుని ఉండ చుట్టసాగింది. అంతా చుట్టాక, ఎక్కడి ధైర్యమో, "ఇలా నిలబడతావా?" అన్నాను. నిలబడింది. నడుము నుంచి చంక దాకా జాన పెట్టి చూశాను.

ఆదివారం అమ్మమ్మ వచ్చేసరికి సూది మీద రెండు వేళ్లంత అల్లిక మాత్రమే ఉంది. ఆవిడ దాన్ని ఎత్తి చూసింది.

"ఏటమ్మా ఇది? చలి ముదిరిపోనాది. పిల్ల ఇంకా పాత స్వెట్టర్లోనే ఉందేటి?"

ఏం చెప్పినా సాకులాగే ఉంటుంది. ఆవిడ పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"నాతో వచ్చీ తల్లీ. మనూరు ఎలిపోదాం."

ఆయన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. ఆ క్షణంలో ఆయన మీద వచ్చినంత కోపం నాకెప్పుడూ రాలేదు.

పిల్ల ఒళ్లోంచి దిగి నన్ను చూపించింది. "నేనెలిపోతే నాప్ ఎవరిది తీస్తాది? తనకి కొలవడం రాదు. మళ్లీ ఛోటా అయిపోద్ది" అంది.

నా ముందుకొచ్చి రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. కొలవడానికి చెయ్యి చాచాను కానీ, కళ్లనిండా నీళ్లు, నడుమెక్కడో కనపడలేదు.